తొంభై రెండు ముడుల దారం

నా చిన్నప్పుడు, మూడో తరగతి చదివే రోజుల్లో, ఎండిపోయిన ఒక బోరు అంచున మా చెల్లెలి మోచేయి కింద మట్టిపెళ్ల విరిగి లోపలికి జారింది. అది అడుగున పడిన చప్పుడు కోసం చెవి రిక్కించాను. చప్పుడు రాలేదు. అప్పటిదాకా ఆ గుంత నాకు ఆటవస్తువు. చప్పుడు రాని ఆ క్షణంలో అదేమిటో నా ఒంటికి తెలిసింది. బోర్లా పడుకుని గుంతలోకి ‘ఓ’ అని అరుస్తున్న చెల్లెలిని గౌను పట్టుకుని వెనక్కి ఈడ్చాను. అది లేచి, గీరుకుపోయిన మోకాలు చూసుకుని, నన్నే తిట్టింది.

మాది బద్వేలుకు దగ్గర్లో ఒక చిన్న పల్లె. బడికి ఒక గది, ఒక వరండా. అయిదు తరగతులకూ కలిపి ఒకే టీచరమ్మ. రోజూ బద్వేలు నుంచి ఆటోలో వచ్చి, రోడ్డు మీద దిగి, గొడుగు వేసుకుని నడిచి వచ్చేవారు. బడి వెనక గోడ దాటితే మా పెదనాయన చేను. ఆయన వేయించిన బోరులో రెండేళ్లు నీళ్లు వచ్చి ఆగిపోయాయి. మా వైపు నీళ్లాగిన బోరులోంచి ఇనుప పైపు పీకేసి ఇంకో బోరుకు వాడుకుంటారు. పైపు పోయాక చుట్టూ మట్టి గుల్లబారి, గుంత నోరు వెడల్పవుతుంది. అయినా దాన్ని పూడ్చేవాళ్లు తక్కువ. పూడిస్తే ఆ నేలలో ఇక నీళ్లు లేవని ఒప్పుకున్నట్టే. అందుకే ఒక నాపబండ ముక్క అడ్డం పెట్టి, పైన ముళ్లకంప వేసి, వానల కోసం చూస్తారు. మా పెదనాయన కూడా అదే చేశాడు.

ఆ కంపను కట్టెతో పక్కకు తోసి, ఆ బండను జరిపింది నేనే. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక రోజూ వెళ్లి ఒక రాయి వేసేదాన్ని. ఒక్కో రాయి గోడలకు తగులుతూ టకటకమని పోయేది. ఒక్కోటి ఏమీ చెప్పకుండా పోయేది. ఎంత దూరం పోతోందో తెలుసుకోవాలన్న ఆత్రంలో, నా వెనక ఒకటో తరగతి చెల్లెలు వస్తోందని కూడా చూసుకోలేదు.

చెల్లెలు నేరుగా టీచరమ్మ దగ్గరికి వెళ్లి మోకాలు చూపించింది. ఆమె వచ్చి గుంత చూశారు. ముఖంలో రంగు పోయింది. వెంటనే బండ అడ్డం పెట్టి, పైన ఇంకో మూడు రాళ్లు ఎత్తిపెట్టి, మమ్మల్నందర్నీ వరండాలో కూర్చోబెట్టారు.

“ఎవరు జరిపినారో నాకు అక్కర్లేదు. ఎందుకు జరిపినారో చెప్పండి” అన్నారు.

అలా అడిగితే దాక్కోవడానికి చోటు ఉండదు. నేనే లేచి నిలబడ్డాను. “ఎంత లోతుందో చూద్దామని, టీచర్.”

“పాతాళం దాకా ఉండాదంట టీచర్, మా జేజి చెప్పింది” అంది అయిదో తరగతి అమ్మాయి ఒకతె, వాళ్ల నాయనమ్మ మాటగా. అందరూ నవ్వారు. టీచరమ్మ మాత్రం బెత్తం వైపు చూడలేదు. “ఎంత లోతో నాకూ తెలీదు” అన్నారు. పెద్దవాళ్లు, అందులోనూ బడిలో, తమకు తెలియదని చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. భయం ఎటు పోయిందో, నేను ఆమె ముఖంలోకే చూస్తూ ఉండిపోయాను.

ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని మా పెదనాయన ఇంటికి వచ్చారు. బోరు పూడ్చమని ఆమె అడగ్గానే ఆయన తల అడ్డంగా ఊపాడు. “పూడ్చేదేందమ్మా టీచరమ్మా? బోరు సచ్చిపోలా, పండుకోనుండాది. నాలుగు వానలు పడితే లేస్తాది.”

“నాలుగేండ్లుగా పండుకోనే ఉండాది. నువ్వే పోయి లేపుకోని రాపో” అంది మా పెద్దమ్మ చేటలో వేరుశనక్కాయలు చెరుగుతూ.

టీచరమ్మ వాదించలేదు. పిల్లలు లోతు తెలుసుకోవాలనుకుంటున్నారు, కొలవనిస్తారా అని మాత్రం అడిగారు. దారం చివర ఒక గుడ్డ కడితే అడుగున తడి ఉందో లేదో కూడా తెలుస్తుందన్నారు. తడి అనే మాట వినగానే ఆయన కూర్చున్నచోటి నుంచి లేచాడు.

మర్నాడు ప్రతి ఒక్కరం ఇంట్లో దొరికిన దారం తెచ్చాం. పురికొస, మంచానికల్లే నవారు, చీర అంచులు, మేకను కట్టే తాడు. అయిదో తరగతివాళ్లు మీటరు కర్రతో కొలిచి మీటరుకొక ముడి వేశారు. నాలుగో తరగతివాళ్లు ప్రతి పదో ముడికీ ఎర్రగుడ్డ కట్టారు. మేము పదుల్ని కూడాం. ఒకటి, రెండు తరగతులవాళ్లు ముడుల్ని వేలితో తాకుతూ లెక్కపెట్టారు. ఒకే దారం మీద అయిదు తరగతుల పాఠం నడిచింది. బోరుకు పది అడుగుల దూరంలో ముగ్గుపిండితో గీత గీసి, దాన్ని దాటినవాళ్లకు ఆట లేదని టీచరమ్మ ముందే చెప్పారు. దాటాలని మాకూ అనిపించలేదు. చూడాల్సిందంతా దారం మీదే జరుగుతోంది.

మా పెదనాయనే రాయికి గుడ్డ చుట్టి కట్టి వదిలాడు. ముడి జారినప్పుడల్లా మేము గట్టిగా అంకె చెప్పాం. నలభై దాటాక గొంతులు తగ్గాయి. డెబ్భై దగ్గర ఎవరో గుసగుసగా చెబుతున్నారు. తొంభై రెండో ముడి దగ్గర దారం వదులైంది.

పైకి లాగాక ఆయన రాయికి చుట్టిన గుడ్డను చేతిలోకి తీసుకుని పిండాడు. తర్వాత చెంపకు ఆనించుకున్నాడు. ఎర్రటి పొడి దుమ్ము అంటుకుంది.

ఆ లోతు ఎంత దూరమో కళ్లతో చూడడానికి ఆ దారాన్ని బడి గేటు నుంచి వీధిలో పరిచాం. ఒక కొస మా పెదనాయన చేతిలో, రెండో కొస మా చెల్లెలి చేతిలో. చెల్లెలు ముందు నడుస్తుంటే టీచరమ్మ దాని పక్కనే నడిచారు. ఆడవాళ్లు పనులు ఆపి గడపల్లోకి వచ్చారు. దారం చర్చి దాటింది, మలుపు తిరిగింది, చేతిపంపు బోరింగు దగ్గర బిగుసుకుంది. ఇక్కడ గేటు దగ్గర మా పెదనాయన మెడ చాచి చూస్తున్నాడు. “పాప యాడుండాది? కనపళ్లేదే” అన్నాడు. “ఏయ్ పాపా!” అని పిలిచాడు. జవాబు రాలేదు. దారం మాత్రం చిన్నగా కదిలింది, అంతే.

ఆయన చేతిలోని కొసను మెల్లగా నేల మీద పెట్టి, గేటు దగ్గరే చతికిలబడ్డాడు. ఆ సాయంత్రమే ట్రాక్టరుతో మట్టి తోలించాడు. మాకు కూడా గీత అవతలి నుంచి గంపలు అందించే పని దొరికింది. చివరి గంప మాత్రం ఆయనే పోసి, చాలాసేపు పారతో చదును చేస్తూ ఉన్నాడు. నేను వెళ్లి బండ జరిపింది నేనేనని చెప్పాను. “తెలుసు లేమ్మా” అన్నాడు. “నాకూ చూడాలనే ఉన్న్యాది. భయపడి చూసుకోలా.”

ఇప్పుడు మేము కల్లూరులో ఉంటున్నాం. పక్క స్థలంలో కొత్త ఇల్లు లేస్తోంది, నీళ్ల సంపుకు గుంత తవ్వారు. నిన్న సాయంత్రం మా పాప దాని దగ్గర నిలబడి, “అమ్మా, నేను ఇందులో నిలబడితే నా తల కనపడుతుందా?” అని అడిగింది. చెయ్యి పట్టి ఇంట్లోకి లాక్కొచ్చి, ఇంకోసారి అటు చూస్తే కాళ్లు విరగ్గొడతానన్నాను. మేస్త్రీ వెంటపడి గుంత మీద రేకులు కప్పించాను. పాప ఏడ్చి పడుకుంది. మళ్లీ అడగలేదు. నన్ను రాయడానికి కూర్చోబెట్టింది ఆ ఊరుకోవడమే. అడగడం మానేసిన పిల్ల చూడడం మానదని నాకు తెలుసు. ఎవరూ లేనప్పుడు రేకు జరిపి చూస్తుంది. నేనూ అదే పని చేశాను.

భయం నాకు పోలేదు, పోతుందని కూడా అనుకోను. కానీ దాని పక్కన ఆ దారం కూడా ఉంది.

ఈ ఉదయం జడలు వేస్తూ పాపకు, పక్కన పాలు తాగుతున్న తమ్ముడికి చెప్పాను. “ఆ గుంత ఎంత లోతో నాకూ తెలీదు. సాయంత్రం మేస్త్రీని అడిగి ముగ్గురం కలిసి కొలుద్దాం. నేను ముగ్గుపిండితో గీత గీస్తాను, అవతలే నిలబడాలి. మీరు బడి నుంచి వచ్చేలోపు పురికొస వెతికి పెడతాను. ముడులు మాత్రం మీరే వెయ్యాలి.”