మళ్ళీ కట్టు

మా బావ లిఫ్టులు బాగుచేస్తాడు. ఎవరి మాటా ఓ పట్టాన నమ్మడు. మా అక్క గ్యాస్ కట్టేశానని చెప్పినా వంటింట్లోకి వెళ్ళి చూసొస్తాడు. బాగుచేసిన లిఫ్టులో ముందు తానే పైకీ కిందికీ తిరిగి, ఆ తర్వాతే జనాన్ని ఎక్కనిస్తాడు. ఇలాంటి మనిషికి వాగుడుకాయ సెలూనన్నతో స్నేహమేమిటని అందరికీ ఆశ్చర్యం. అది లిఫ్టులోనే కుదిరింది. రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన సెలూనన్నను బావ బయటికి లాగాడు. లోపలున్నంతసేపూ ఆయన నోరు మూయలేదట. "ఇక్కణ్ణుంచి బయటపడితే చాలు, గోడలన్నవే లేని చోటికి పోతా" అని ఒకటే గోల. బావకి ఆ మాట నచ్చింది.

"ఎప్పుడు పోదాం?" అన్నాడు.

అప్పట్నుంచి ఏటా పోతూనే ఉన్నారు. ఓ ఏడు కొండ, ఓ ఏడు నది. పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, పొట్టలు వచ్చాయి, ప్రయాణం మాత్రం ఆగలేదు. వంటకీ, బండి తోలడానికీ, కొండ మీద తాడు పట్టడానికీ నేను. జీతం లేదు, తిట్లకి మాత్రం లోటు లేదు.

కొండ దగ్గర వాళ్ళదో పద్ధతి. ఎవరి నడుముకి వాళ్ళు తాడు కట్టుకోకూడదు. ఒకడి ముడి ఇంకొకడు కట్టాలి. కట్టించుకున్నవాడు తడిమి చూసి "సరే" అనాలి. బావ "సరే" అనేలోపు నేను టీ కాచుకుని తాగేయొచ్చు.

పోయినేడు సెలూనన్నకి కుడిచెయ్యి వణకడం మొదలైంది. కత్తి పట్టే చెయ్యి. ఎప్పుడూ వచ్చేవాళ్ళు మంచివాళ్ళే, ఏమీ అనలేదు. "పర్లేదన్నా, రేపొస్తాం" అంటూ పక్కవీధి సెలూన్లో దూరేవారు. ఇంట్లో ఆయన చేతిలోంచి గ్లాసు జారి పగిలినా "పర్లేదు" అనేవారు. ఆ ఒక్క మాటతో అందరూ కలిసి ఆయన ప్రాణం తోడేశారు. షాపు తమ్ముడికి అప్పగించి, నోరు కుట్టేసుకుని కూర్చున్నాడు.

ఈ ఏడు కొండకి రానంటే రానన్నాడు. బావ వదిలే రకమా! చివరికి సెలూనన్నే దిగొచ్చాడు.

"వస్తాగానీ ఒక మాట. నీ ముడి నేను కట్టలేకపోతే ఇదే ఆఖరు. మళ్ళీ పిలవొద్దు."

బయల్దేరే ముందు అక్క పోరు పెట్టింది. "ఈసారికి మీరే కట్టుకోండి. ఆయనకి ఏదో సాకు చెప్పండి."

"సాకు చెబితే వాడు ఇంకెప్పుడూ రాడే," అన్నాడు బావ. నేను మాత్రం లోలోపల అక్క పక్షమే.

కొండ అంచు నుంచి కిందికి దిగాలి. తాడు బండకి బిగించిన రింగు గుండా వచ్చి నా చేతుల్లో ఉంది. రెండో కొస పట్టుకుని సెలూనన్న బావ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెయ్యి వణికింది. కొస జారింది, మళ్ళీ జారింది. సాయానికి వంగబోతే బావ నన్ను కళ్ళతోనే కసిరాడు.

"అయింది," అన్నాడు సెలూనన్న, ఎటో చూస్తూ.

నాకు అక్కణ్ణుంచే కనిపించింది. తాడు కొస వచ్చిన దారినే వెనక్కి తిరగాలి. ఒక చుట్టు తప్పింది. పైకి ముడిలాగే ఉంది, బరువు పడితే ఊడొస్తుంది. బావ "పర్లేదులే" అని చప్పుడు చెయ్యకుండా సర్దుకుంటాడనుకున్నాను. నేనైతే అదే చేసేవాణ్ణి.

బావ వేలితో తడిమాడు. "ఏడిచినట్టుంది. విప్పి మళ్ళీ కట్టు."

సెలూనన్న తలెత్తాడు. "ఏం తప్పింది?"

"నన్నడుగుతావేంట్రా? కట్టింది నువ్వు. వెతుక్కో."

"ఒరేయ్, నా చెయ్యి..."

"చెయ్యి కాదు. నువ్వు చూసి కట్టలేదు. అయినా నోరు మూసుకుని పని చెయ్యడం నీకెప్పుడొచ్చిందిరా? మాట్లాడుతూ కట్టు."

సెలూనన్న ముడి విప్పుతూ మొదలెట్టాడు. "ఈ నడుముకి తాడేం సరిపోతుందిరా, లిఫ్టు కేబులు తేవాల్సింది. మా చెల్లెమ్మ ఏం పెట్టి మేపుతోంది నిన్ను?" ఏడాదిగా దాచుకున్న వాగుడంతా బావ పొట్ట మీద పడింది. చెయ్యి వణుకుతూనే ఉంది. చుట్లు మాత్రం ఒక్కొక్కటే సరైన దారిలో పడ్డాయి.

"అయింది. చూసుకో."

బావ చూసుకున్నాడు. నా ఓపిక చచ్చేదాకా చూసుకున్నాడు. రెండు చేతులా లాగాడు. "సరే" అని, అంచున కాళ్ళు తన్నిపెట్టి ఒళ్ళంతా వెనక్కి వాల్చేశాడు.

సెలూనన్న బోర్లా పడుకుని, అంచు మీంచి తల వంచి కిందికి అరిచాడు.

"ఒరేయ్! వచ్చే ఏడు నదీ లేదు, గిదీ లేదు. మళ్ళీ కొండే!"