తాళంతోనే లేచిన కారు

ముసలి బ్యాటరీ పుణ్యమా అని మా కారును తోయడం అలియాబాద్‌లో మా వీధికి అలవాటైపోయింది. నేను స్టీరింగు ముందు కూర్చోగానే పక్కింటి మల్లేశం లుంగీ ఎగగట్టి వెనక నిలబడేవాడు. మా ఆవిడ మాత్రం, "తాళం తిప్పంగనే లేసేదాంక గీ కారెక్క" అని ఒట్టు పెట్టుకుని, మేడ్చల్‌లోని చెల్లెలింటికి కూడా బస్సుల్లోనే తిరిగింది.

బ్యాటరీ మార్చమంటే షోరూం వాళ్లేమో బండి వదిలేసి రేపు రమ్మన్నారు. నాలుగు నట్లు విప్పడానికి రాత్రంతా ఎందుకో! మా పెళ్లే ఒక్క పూటలో అయిపోయింది, నేను అలిగిన సేపు కూడా కలిపి. అందుకే ఈ రోజు కొత్త బ్యాటరీ తెచ్చుకుని, పానా పట్టుకుని నేనే దిగాను. విప్పేటప్పుడు నల్ల వైరు ముందు, బిగించేటప్పుడు చివర. అంతే.

తాళం తిప్పగానే కారు లేచింది. చప్పుడు విని మల్లేశం పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది కాకా, నేను తోయకముందే లేసిందా? ఇగ పొద్దుగాల నాకేం పని?"

"ఇన్నొద్దులు తోస్తివి, ఇయాలన్న ఎక్కు మల్లేశా" అంది మా ఆవిడ, అప్పటికే ముందు సీట్లో కూర్చుని.

శామీర్‌పేట చెరువు దాకా వెళ్లాం. అక్కడ ఇంజన్ ఆపాలంటే నాకు ధైర్యం చాలలేదు. మా ఆవిడే చెయ్యి చాచి తాళం తిప్పి ఆపేసింది.

"మళ్ల లేస్తదిలే" అంది.

లేచింది.

మీ ఇళ్లలోనూ ఇలాంటి ఒట్లేమైనా ఉంటే చెప్పండి. పానా ఇంకా లోపల పెట్టలేదు.