గడియ వేసుకున్న ప్రార్థన

బెళుగుప్ప ఊళ్లో మా ఇంట్లో గడియ ఉన్న గది ఒక్కటే. రోజూ పొద్దున్నే మా తోడికోడలు సునీత అందులోకి వెళ్లి, గడియ వేసుకుని ఏకాంత ప్రార్థన చేసుకుంటుంది. అప్పుడు నేను పొయ్యి దగ్గర ఉంటాను. నా ప్రార్థనంతా తాలింపు చిటపటల మధ్యే. కుళ్లుగా ఉండదా మరి?

ఈ రోజు పంతం పట్టి, ఆమె బయటికి రాగానే నేను లోపలికి దూరి గడియ వేసుకున్నాను. మోకరించి "తండ్రీ" అన్నానో లేదో, తలుపు దబదబా మోగింది. మా అత్త! పొద్దుటి టిఫిను, మరమరాలతో చేసే ఉగ్గాని, ఈ రోజు ఆమె చేతిలో పడింది.

"ఏమ్మే, ఉగ్గానికి బొరుగులు నానేసినా. ఎంతసేపు ఉంచల్ల?"

"వెంటనే పిండేయల్లత్తా!" అని లోపలి నుంచే అరిచాను.

తర్వాత మామ టవలు యాడుందని, మా ఆయన బండి తాళం యాడుందని. ఆమెన్ అనకుండానే లేచి తలుపు తీశాను. నా మాట అత్తకి వినపడలేదేమో, అప్పటికి బొరుగులు గంజి అయిపోయాయి. ఎదురుగా సునీత.

"చూసినావా? నువ్వు లోపలుంటే ఒక్కరూ తలుపు కొట్టరు," అని విసురుగా అన్నాను.

"బయటున్నా నన్నెవరూ పిలవరు కదక్కా. పెండ్లయి వచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో ఏది కావాలన్నా నిన్నే అడుగుతారు. నిన్ను చూస్తే నాకు కుళ్లు," అంది.

నన్ను చూసి కుళ్లుకునేవాళ్లు కూడా ఉన్నారా! మిమ్మల్ని చూసి మీ ఇంట్లో ఎవరు కుళ్లుకుంటున్నారో ఒకసారి అడిగి చూడండి.

రేపు పొద్దున సునీత ప్రార్థన ముగించే వేళకి నేనే వెళ్లి తలుపు కొడతాను. బొరుగులు ఎంతసేపు నానాలో అడుగుతాను.