నవాబు కల

మా నరసరావుపేట జట్కా రంజాన్ తన గుర్రాన్ని నిద్రలేపేవాడు కాదు. ఆయనకున్న జబ్బల్లా అదొక్కటే.

కోటప్పకొండకు పోయేవాళ్ళు రైలు దిగగానే ముందు కనపడేది ఆయన బండే. ఎక్కించుకునేటప్పుడు మహా హుషారు. తీరా సగం దారిలో, ఒంటరి వేపచెట్టు దగ్గరికి రాగానే గుర్రం ఆగిపోయేది. దాని పేరు నవాబు. కళ్ళు మూసుకుని, కింది పెదవి వేలాడేసి నిలబడేది.

"దిగండి బాబూ. కల కంటోంది. లేపితే పాపం."

"గుర్రానికి కలేమిటయ్యా?"

"పేరు నవాబు కదండీ. కలలో ఏనుగెక్కి ఉంటది."

ఒకసారి మా మేనత్త రాఘవమ్మ మొక్కు తీర్చుకోవడానికి పొన్నూరు నుంచి వచ్చింది. మధ్యాహ్నం గుడి తలుపులు మూసేలోగా కొండెక్కాలని ఆవిడ తొందర. నవాబుకు అదేమీ పట్టలేదు.

"మీ నవాబు లేచేసరికి నా మొక్కు ముసల్దవుతుందయ్యా" అంది అత్తయ్య.

"కోటయ్యస్వామి ఎక్కడికీ పోడమ్మా. అదిగో, సుబ్బరావమ్మగారి మజ్జిగ. రెండు గుక్కలు తాగండి."

అత్తయ్య విసుక్కుంటూనే మూడు ముంతలు తాగింది. మొగుడు పోయి, ఆ చెట్టు కింద మజ్జిగ అమ్ముకునే సుబ్బరావమ్మకు ఒక గేదె, ఆ మజ్జిగ కుండ తప్ప వేరే ఆధారం లేదు. ఊరికే ఇస్తే గింజ కూడా ముట్టని మనిషి.

చుట్టూ పత్తిచేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు గాలిలో సన్నగా వస్తోంది. ఎదురుగా మూడు శిఖరాల కొండ ఎండలో తేలుతున్నట్టుంది. అత్తయ్యకు కునుకు పట్టింది. నాకూ పట్టింది. గుర్రంతోపాటు మేమూ ఏవో కలలు కన్నాం. మళ్ళీ బండి ఎలా ఎక్కామో గుర్తులేదు గానీ, గుడి తలుపులు మూయకముందే చేరాం.

ఆ మరుసటేడు కొండకు బస్సు పడింది. ఊరంతా రంజాన్ గురించి బెంగపడింది. ఆయన మాత్రం నన్ను బజార్లో ఆపి ఒకటే అడిగాడు.

"బాబూ, బస్సు ఆ వేపచెట్టు కాడ ఆగుద్దంటారా?"

"దారిమధ్యలో ఎందుకాగుతుంది? ముందు నీ సంగతి చూసుకో."

"నాకేవండి, స్టేషను బేరాలున్నాయి. సుబ్బరావమ్మగారి మజ్జిగ ఎవరు తాగుతారు?"

అప్పుడు వెలిగింది నాకు, నవాబు అన్నాళ్ళూ ఎవరికోసం కలలు కన్నదో. చెట్టు దగ్గరికి రాగానే రంజాన్ పగ్గం మెల్లిగా లాగేవాడు. నేను చూస్తూనే ఉండేవాణ్ణి, చూస్తూ గుర్రాన్ని తిట్టేవాణ్ణి.

ఎండాకాలంలో అత్తయ్య మళ్ళీ వచ్చింది. ఈసారి బస్సెక్కాం. సరిగ్గా వేపచెట్టు దగ్గర బస్సు ఆగింది.

"అందరూ దిగండమ్మా" అన్నాడు డ్రైవరు ఏసోబు. "ఇంజనుకి కునుకు పట్టింది."

"దీని పేరు కూడా నవాబేనా?" అని కేకేసింది అత్తయ్య.

చెట్టు నీడన సుబ్బరావమ్మ ముంతలు కడుగుతోంది. పక్కనే రంజాన్ జట్కా. నవాబు కళ్ళు బార్లా తెరుచుకుని బస్సును చూస్తోంది. రంజాన్ మజ్జిగ ముంత దించి, మూతి తుడుచుకుని, నోటిమీద వేలేసుకున్నాడు.

"మెల్లగా మాట్లాడండమ్మా. బస్సు కల కంటోంది."