ఫోటోలో పంపిన జాబితా

మా సంఘంలో గుడ్ ఫ్రైడే నాడు, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడుగురు వివరిస్తారు. ఐదవ మాట, దాహమని అడిగిన మాట, పన్నెండేళ్ళు నాది. చూపు పోకముందు నేను మార్కాపురం పలకల గనుల్లో పనిచేశాను. నోటినిండా రాతి దుమ్ముతో, నీళ్ళ క్యాను ఖాళీ అయిన మధ్యాహ్నాలు నాకు తెలుసు. అందుకే ఆ మాట నాకిచ్చారు. తక్కిన ఏడాదంతా నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఒక మూల కూర్చోబెట్టేవాళ్ళు. ఆ పది నిమిషాలు మాత్రం నేను మాట్లాడితే వాళ్ళు వినేవాళ్ళు.

నా ఫోను తెర మీది అక్షరాలను పైకి చదువుతుంది. బైబిలు వాక్యం దాంట్లోనే వింటాను. సంఘానికి వాట్సాప్ గ్రూపు వచ్చాక నా కష్టం మొదలైంది. ఉదయపు వాక్యం, కొత్త పాట, ప్రార్థన కూటం ఎవరింట్లో, ఎన్ని గంటలకు, అన్నీ పూలబొమ్మల మీద రాసి పెడతారు. బొమ్మలోకి పోయిన అక్షరం నా ఫోనుకు అందదు. "ఫోటో" అని చెప్పి ఊరుకుంటుంది.

గ్రూపు నడిపేది సంఘ కార్యదర్శి. నాకు బావ వరస. మొదట అతన్నే అడిగాను.

"బావా, ఫోటో వద్దు. అదే మాట టైపు చేసి పెట్టు, నా ఫోను చదువుతాది."

"ఉత్త టైపు బోసిగా ఉంటాది బావా. పూలు పెడితే అందరూ ఆమెన్, ఆమెన్ అని కొడతన్నారు."

"నాకు పూలు కనపడవు గదా."

"మా చెల్లెలుందిగా, చదివించుకో."

"మీ చెల్లెలికి చదువొస్తే నిన్నెందుకు బతిమాలతా?"

అతను నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

తర్వాత పాస్టరయ్యను అడిగాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. "నీ చూపు కోసం సంఘమంతా ఉపవాసముండి ప్రార్థన చేస్తన్నాం. దేవుడు కళ్ళిచ్చినాక ఈ టైపులతో పనేంది? విశ్వాసం తగ్గనీయొద్దు తమ్ముడూ."

స్వస్థతను నేను నమ్ముతాను. నమ్మకపోతే ఇన్నేళ్ళు మోకాళ్ళ మీద ఎందుకుంటాను? కానీ బైబిల్లో యెరికో దారి పక్కన కూర్చున్న గుడ్డివాడు కేక పెట్టినప్పుడు, అతనికి కావలసింది కళ్ళేనని ప్రభువుకు తెలియదా? అయినా ఆగి, నీకేం చేయమంటావని అతన్నే అడిగాడు. నన్ను ఎవరూ అడగలేదు. నేనే పోయి చెప్పుకుంటే అది అవిశ్వాసమైంది.

మూడోసారి పెద్దల కూటంలో లేచి అడిగాను. ఆలోచిద్దామన్నారు.

పోయిన ఏడాది గుడ్ ఫ్రైడేకు వారం ముందు ఏడు మాటల జాబితా గ్రూపులో వచ్చింది. "ఫోటో" అంది నా ఫోను. నా భార్య మిరపకాయల కోతకు పోయింది, ఉన్నా చదవలేదు. బావకు ఫోన్ చేశాను. అతను పొదిలి మార్కెట్లో ఉన్నాడు, చుట్టూ లారీల మోత.

"నాది ఐదోదేనా బావా?"

"ఏందీ కొత్తగా అడగతావు? ఎప్పుడూ నీదేగా!" అని పెట్టేశాడు. జాబితా రాసింది పాస్టరయ్య. దాన్ని ఫోటో తీసి పెట్టిన బావ చదివాడో లేదో నాకు తెలియదు.

వారమంతా సిద్ధపడ్డాను. ఆ రోజు నాలుగో మాట అయ్యి పాట ముగియగానే లేచాను. నా చోటు నుంచి వేదికకు పదకొండు అడుగులు. మైకు మీద చెయ్యి వేస్తే అక్కడ అప్పటికే ఇంకొక చెయ్యి ఉంది. గిద్దలూరు నుంచి బదిలీ మీద వచ్చిన టీచరమ్మది.

"అయ్యో, మీరే చెప్పండన్నా," అందామె. మైకులో అందరికీ వినపడింది.

"జాబితా ప్రకారం పోనీయమ్మా," అని పాస్టరయ్య నా చెవి దగ్గరికి వంగాడు. "ఈసారి కొత్తవాళ్ళకు ఇచ్చినాం తమ్ముడూ. గ్రూపులో పెట్టినాం గదా, అందరూ చూసినారు."

ఎవరో నా మోచెయ్యి పట్టుకుని వెనక్కు నడిపించారు. పదకొండు అడుగులూ "పాపం, పాపం" అన్న గుసగుసలే. మార్చినందుకు నాకు బాధ లేదు. ఆ మాట నా సొత్తు కాదు. టీచరమ్మ బాగానే చెప్పింది. కానీ ఒక్క ముక్క టైపు చేసుంటే, నా చోట్లోనే కూర్చుని ఆమెకు ఆమెన్ చెప్పేవాణ్ణి.

ఇంటికొచ్చాక నా భార్య కాళ్ళకు నీళ్ళిచ్చి అంది. "క్షమించెయ్. ఈ రోజన్నా మనసులో పెట్టుకోవాక."

ఆ ఉదయం మొదటి మాట కూడా అదే: వీళ్ళకు తాము చేసేదేమిటో తెలియదు గనుక క్షమించమని తండ్రిని వేడుకోవడం. తెలియనివాళ్ళను క్షమించడం నాకు చేతనవుతుంది. వీళ్ళకు తెలుసు. మూడుసార్లు చెప్పాను.

ఈస్టరు ఉదయం బావ ఫోన్ చేశాడు. "అలిగినావా బావా? నీ కోసమే స్పెషల్‌గా ఒకటి చేసి గ్రూపులో పెట్టినా, చూసుకో."

తెరిచాను. "ఫోటో" అంది.

ఇప్పటికీ ప్రతి ఆదివారం పోతున్నాను. పాడతాను, ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకుంటాను. ప్రభువు నేర్పిన ప్రార్థన అందరితో కలిసి మొదలుపెడతాను. మేము ఇతరులను క్షమించిన ప్రకారం మమ్మల్ని క్షమించు అనే చోటికి వచ్చేసరికి నా నోరు ఆగుతుంది. సంఘం ఆగదు, చదువుకుంటూ ముందుకు పోతుంది.