పుల్లలు ఏరిన జమేదారు

జమేదారు సాబు పోయాడని మొన్న పొద్దున ఆయన బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. "పెద్దబాపూ, బాపు పోయిండు. నిద్రలనే పోయిండు. నువ్వు జర జల్ది రావాలె" అంది. నేను చాయ్ తాగుతున్నాను. గ్లాసు కింద పెట్టి, వస్తున్న బిడ్డా అన్నాను. అంతే అన్నాను. నాకు ఫోన్‌లో ఏడవడం రాదు. ఎదురుగా ఉన్నా రాదు.

ఆయన గురించి ఎవరూ రాయరు. పోలీసు జమేదారు పోతే రాయడానికి ఏముంటుంది అనుకుంటారు. అందుకే నేను రాస్తున్నాను. నా చదువు నాలుగో తరగతి. అక్షరం తప్పు పోతే దిద్దుకొని చదవండి. చెప్పే మాటలో మాత్రం తప్పు లేదు.

నేను మార్కెట్ యార్డులో దడ్వాయిగా చేశాను. రైతు తెచ్చిన పసుపు, మక్కలు కాంటా మీద జోకి బరువు చెప్పే పని. కోరుట్ల దిక్కు గానీ జగిత్యాల దిక్కు గానీ నా తూకం మీద నోరెత్తినవాడు లేడు. గొప్పలు చెప్పుకుంటున్నాడు అంటారేమో. అవును, చెప్పుకుంటున్నాను. ఆయన హెడ్ కానిస్టేబుల్‌గా చేసిన ఠాణా యార్డుకు దగ్గరే. ఏ ఠాణా అన్నది రాయను. అప్పటివాళ్ళు ఇప్పుడు లేరు, ఇప్పటివాళ్ళకు ఆ సంగతులతో పని లేదు. గంజాయి పట్టుకున్నప్పుడల్లా తూకానికి నన్ను పిలిచేవాళ్ళు. సాక్షి సంతకం కూడా నాదే. అట్లా మాకు సోపతి అయింది.

మొదటిసారి పోయిననాడు నాకు ఆయన మీద కోపమే వచ్చింది. కాంటా సర్ది, పట్టుకొచ్చిన సంచి ఎత్తి మీద పెట్టబోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగే దడ్వాయన్నా. సంచిని సుత జైల్ల ఏద్దామా?"

పాత పంచె ఒకటి నేల మీద పరిచాడు. సంచి దాని మీద దులిపాడు. కళ్ళద్దాలు పెట్టుకొని, యూనిఫారంతోనే బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. ఒక్కో కొమ్మ తీసి, పువ్వున్న కంకి ఒక దిక్కు, కాడలు, పుల్లలు ఇంకో దిక్కు వేయడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఆడవాళ్ళు మెంతికూర ఏరినట్టు. పట్టుబడ్డవాడు మూల నిలబడి చూస్తున్నాడు. నేనూ చూస్తున్నాను. యార్డులో నా కోసం పసుపు బండ్లు ఆగి ఉన్నాయి.

"గీ పని పొద్దుమూకేదాక చేస్తవా సాబ్?" అన్నాను.

"పుల్లకు శిక్ష లేదే" అన్నాడు తల ఎత్తకుండా.

తర్వాత ఆయనే విప్పి చెప్పాడు. చట్టం లెక్కన గంజాయి అంటే పువ్వు, కాయ పట్టిన కొసలేనట. కాడలు అందులోకి రావట. కిలో లోపల ఉంటే చిన్న కేసు, బెయిలు దొరుకుతుంది. కిలో దాటిందా, పదేండ్ల శిక్ష దాకా పోవచ్చు. కొసలు, కాడలు కలిపి జోకితే కిలో దాటి, ఏరి జోకితే దాటని సంచులు మస్తు ఉంటాయి. ఏరాక కూడా దాటితే దాటిందనే రాసేవాడు. అట్లా దాటినవాడు ఎంత ఏడ్చినా ఒక్క కంకి తీసి పక్కన పెట్టలేదు. ఏరడాన్ని దయ అనుకున్నవాళ్ళు ఉన్నారు. దయ కాదు అది. ఆయనకు ఉన్నది ఉన్నట్టు ఉండాలి.

ఆ పని చేసిననాడు యార్డు నల్లా కింద బట్టల సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేవాడు. ఇంటికి పోయి చేతులు బిడ్డ ముక్కు ముందు పెట్టేవాడు. వాసన పోయింది బాపూ అని ఆమె అనేదాకా మనవరాలిని ఎత్తుకునేవాడు కాదు.

చిన్న చిన్నవి పట్టుకున్నప్పుడు ఏం చేయాలన్నది ఠాణా వాళ్ళ చేతిలోనే ఉంటుంది. కాయితం మీద అట్లా ఉండదు, కానీ ఉంటుంది. సిగరెట్టులో నింపుకునేంత దొరికితే కేసు రాయవచ్చు, రెండు దెబ్బలు వేసి తోలవచ్చు. ఎవరిని తోలుతారో, ఎవరి మీద రాస్తారో నేను ఈ కండ్లతో చూసినవాణ్నే. ఒకసారి యార్డు షెడ్డు వెనక ఇద్దరు పోరగాండ్లు దొరికారు. ఒకడు వెనకట దొరతనం చేసిన ఇంటి మనవడు. ఇంకొకడు మా హమాలీ కొడుకు. పొట్లం ఒక్కటే. ఇద్దరూ కలిసి కొన్నదే. గడియ గడవకముందే దొర ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. మా వాణ్ని పంపించు, ఇంకోడు వాణ్ని చెడగొట్టిండు అని.

జమేదారు ఫోన్ పెట్టేసి నా దిక్కు చూశాడు. "రాస్తే రెండు పేర్లు రాస్త. లేకపోతె ఒక్కటి సుత రాయ" అన్నాడు. ఇద్దరి తండ్రులను పిలిపించి, పొట్లం వాళ్ళ కండ్ల ముందే మోరీలో కలిపి, ఇద్దరినీ పంపించాడు. దొర మనవడు కారెక్కి పోయాడు. హమాలీ తన కొడుకును ఠాణా గేటు కానించి ఇంటి దాకా కొట్టుకుంటూ తీసుకుపోయాడు.

"సూసినవా సాబ్, గిదా నీ న్యాయం?" అని నేను ఎత్తిపొడిచాను.

"ఇద్దర్ని ఒక్క తీరుగ ఇడిసిపెట్టిన. ఇంటికి పోయినంక ఒక్క తీరుగ ఉండది. గది నాతోని కాదు" అన్నాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది రాయడానికే కలం పట్టాను.

ఎల్లారెడ్డిపేట దిక్కు పల్లె పిలగాడు ఒకడు. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో రాత్రి పాళీ చేసేవాడు. నిద్ర ఆపుకోవడానికి గంజాయి మొదలుపెట్టాడట. తర్వాత పక్క మగ్గాలవాళ్ళకు కూడా తెచ్చిపెట్టేవాడు. మా దగ్గర బస్సు దిగుతుంటే సంచితో దొరికాడు. తల్లి బీడీలు చేసుకొని బతికే మనిషి. కబురు అంది, కట్టుబట్టలతో వచ్చి ఠాణా గేటు దగ్గర కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు.

సంచి చూస్తేనే నాకు అర్థమైంది. ఉన్నదున్నట్టు జోకితే కిలో దాటుతుంది. ఏరితే దాటదు. జమేదారు పంచె పరుస్తుంటే ఎస్సై వచ్చాడు. వయసు పిలగాడే కానీ చెడ్డవాడు కాదు. చట్టం రానివాడూ కాదు.

"జమేదార్ సాబ్, పుల్లల సంగతి నాకు తెల్వదా? గది కోర్టు సూసుకుంటది. మొత్తం జోకుర్రి."

"కోర్టు సూసెదాక వీడు లోపలనే ఉండాలె గద సార్."

"ఉండనియ్. గిసొంటోడు లోపలుంటేనే బతుకుతడు. బయటికి పోతె మల్ల గదే తాగుతడు, ఇంకో నలుగురికి తాగిపిస్తడు. వాని మంచికే చెప్తున్న."

నాకు ఎస్సై మాటే న్యాయం అనిపించింది. దాచుకోను. "సార్ చెప్పింది నిజమే సాబ్. జరుగు, జోకుత" అన్నాను.

జమేదారు కళ్ళద్దాల మీది నుంచి నన్ను చూశాడు. "పసుపుల మట్టిపెల్లలు కలిపి జోకుమంటె జోకినవా ఎన్నడన్న?"

నేను కాంటా మీది నుంచి చెయ్యి తీశాను. నా కాంటా మీద మాట పడితే నేను తట్టుకోనని ఆయనకు ఎరుకే. ఎస్సై, "మీ ఇష్టం. రేపు ఏమన్నయితే మీ మీదికే అస్తది" అని లోపలికి పోయాడు.

"రానియ్ సార్" అన్నాడు ఈయన, కూర్చొని ఏరడం మొదలుపెట్టాడు.

కిలోకు కొంచెం తక్కువ వచ్చింది. అదే చెప్పాను, అదే రాశారు, సంతకం పెట్టాను. పిలగానికి బెయిలు దొరికింది. ఆనాడు తల్లి ఠాణాకు వచ్చి కాళ్ళ మీద పడబోతే జమేదారు వెనక్కి జరిగాడు.

"నేనేం తక్కువ చెయ్యలేదవ్వా. పుల్లలు ఏరిన, గంతే. పిలగాన్ని మల్ల ఆ షెడ్డుకు తోలకు."

"తోలకపోతె ఏం తినాలె సారూ?" అంది ఆమె. కోపంగా కాదు, నిజంగానే అడిగింది.

వానలు పడకముందే కోరుట్ల దగ్గర రైలు పట్టాల మీద ఆ పిలగాడు పోయాడు. మత్తులో పడ్డాడో, కావాలని పండుకున్నాడో ఎవరూ చూడలేదు.

దినాలు అయిపోయాక ఆ తల్లి జమేదారు ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నేను అక్కడే మంచం మీద కూర్చొని ఉన్నాను. ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. వాకిట్లో నిలబడి అంది:

"ఆనాడు నువ్వు పుల్లలు ఏరకపోతె నా కొడుకు జైల్ల ఉండేటోడు సారూ. జైల్ల ఉన్నా బస్సెక్కి పోయి సూసొద్దును."

జమేదారు చెంబుతో నీళ్ళు ఇచ్చాడు. ఆమె తాగలేదు. చెంబు ఆయన చేతిలో అట్లానే ఉండగా వెళ్ళిపోయింది. ఠాణాలో ఎస్సై, నేను చెప్పలేదా అని ఒక్క మాట కూడా అనలేదు. అది ఇంకా కష్టం.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మళ్ళీ కబురు వచ్చింది, కాంటా పట్టుకొని రమ్మని. దారిలో అనుకున్నాను, ఇక ఈయన ఏరడు, సంచి సంచే పెడతాడు అని. పోయేసరికి పంచె పరిచి ఉంది. మునుపటి కంటే నిదానంగా, ఒక్కో కాడను రెండుసార్లు తిప్పి చూసి పక్కన వేస్తున్నాడు.

"ఇంకా ఏరుతున్నవా సాబ్? బుద్ధి రాలేదా?" అన్నాను. నా నోరు అట్లాంటిది.

చేతిలోని కాడ పక్కన వేసి అన్నాడు. "నా భయాన్ని తూకంల ఎయ్యొద్దు గదనే. గా తల్లి దుఃఖాన్ని సుత ఎయ్యొద్దు. వీనిది వీనికే జోకాలె."

ఒక్కటి మాత్రం మారింది. బెయిలు మీద పోయిన పిలగాండ్ల ఇండ్లకు సెలవునాడు స్కూటర్ మీద పోవడం మొదలుపెట్టాడు, మత్తు మాన్పించనీకి సర్కారు దవాఖానాకు తోలుకపోతా రమ్మని. పోలీసు ఇంటికొస్తే ఇజ్జత్ పోతుందని తలుపులు వేసుకునేవాళ్ళు. ఒకడి తండ్రి అయితే కుక్కను ఉసిగొల్పాడు. బుగ్గారం నుంచి ఒక్కడు వచ్చాడు దవాఖానా దాకా. వాడూ లైన్‌లో నిలబడలేక పారిపోయాడు. ఎల్లారెడ్డిపేట దిక్కు పోయినప్పుడల్లా ఆ తల్లి ఇంటి ముందు ఆగేవాడు. ఆమె బీడీల చాట ముందు పెట్టుకొని కూర్చునేది, పలకరించేది కాదు. ఈయన అరుగు మీద కాసేపు కూర్చొని లేచి వచ్చేవాడు. ఎందుకు పోతవు, తిట్టించుకోనీకా అంటే, "తిట్టదే. తిడితె మంచిగుండు" అనేవాడు.

రిటైర్ అయ్యాక యార్డు గేటు దగ్గర చాయ్ హోటల్ బల్ల మీద కూర్చునేవాళ్ళం. పోయిన ఎండాకాలం ఒకనాడు కొండగట్టుకు పోయి వస్తూ ఆగాడు, నుదుట సింధూరంతో. చాయ్ చల్లారిపోతోంది, తాగడం లేదు.

"దడ్వాయన్నా, నిజం చెప్పు. నేను చేసింది సక్కగనే ఉందా?"

ఊరటకు ఒక మాట అనవచ్చు. ఎవరైనా అంటారు. నాకు అబద్ధం రాదు. "నాకెర్కలేదు సాబ్. పసుపు జోకుమంటె జోకుత. గిది నా కాంటా మీదికి రాదు" అన్నాను.

ఆయన తల ఊపాడు. నవ్వాడు కూడా కొంచెం. "నువ్వొక్కనివి తప్పు తూకం చెప్పవు" అని చల్లారిన చాయ్ తాగేశాడు. నాకు ఇప్పటికీ ఎరుకలేదు. ఎస్సై మాట విని ఉంటే ఆ పిలగాడు బతికేవాడేమో. పుల్లలు కలిపి రాసినందుకు ఇంకొకడు ఎవడో లోపల కుళ్ళిపోయేవాడేమో. ఎరుకలేని దాన్ని ఎరుకైనట్టు రాసి ఆయన్ను గొప్ప చేయను. ఆయనకే నచ్చదు. ఇంత మాత్రం చెప్తాను. నా సంతకం ఉన్న ఏ తూకం గురించీ నేను తల దించుకోనక్కరలేదు, అది ఆయన పెట్టిన భిక్ష.

మొన్న పోయేసరికి వాకిట్లో జనం ఉన్నారు. పాడె కడుతున్నారు. పక్క చేను రైతు బంతిపూలు కోసుకొచ్చి, కాడలతోనే ఒక గంపెడు అరుగు దగ్గర దించి పోయాడు. గంప పక్కన గోడకు ఆనుకొని ఆ తల్లి కూర్చొని ఉంది. జుట్టు మొత్తం తెల్లబడింది. నేను పోయి నిలబడ్డాను.

"ఎవలు చెప్పిండ్రు అక్కా నీకు?"

"బస్సుల అనుకుంటుంటె ఇన్న."

బీడీలు చేసిన వేళ్ళు కదా, చూడకుండానే కదులుతున్నాయి. బొటనవేలి గోటితో గిల్లి, పువ్వు చాటలో వేస్తోంది, కాడ ఒళ్ళో వేసుకుంటోంది.

"కోపం పోయిందా అక్కా?" అని అడిగాను. అడగకూడదేమో. నా నోరు అట్లాంటిది అని చెప్పాను కదా.

"పోలే" అంది. "ఎట్ల పోతది?"

ఇంకో పువ్వు తీసుకుంది.

పాడె లేచింది. జమేదారు బిడ్డ వచ్చి చాట అందుకుంది. దారి పొడుగునా ఆ పూలే చల్లారు. మూల మలుపు దగ్గర నేను వెనక్కి తిరిగి చూశాను. వాకిలి ఖాళీ అయింది. ఆమె ఒక్కతే లేచి నిలబడి, కాడలన్నీ కొంగులోకి ఎత్తుకొని, ఎక్కడ పారబోయాలా అని అటూ ఇటూ చూసింది. ఎక్కడా పోయలేదు. మళ్ళీ గోడకు ఆనుకొని, ఆ కొంగును ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది.