గురువారం మోకాలు

లోకంలో ఎవరి మోకాలైనా వానకో, చలికో, వయసుకో నొప్పెడుతుంది. మా బు రుమియాతి (బు అంటే మా దగ్గర అమ్మగారు) కుడి మోకాలు గురువారానికి నొప్పెడుతుంది. బుధవారం దాకా దానికి ఏ లోటూ ఉండదు. గురువారం తెల్లవారి అయిదున్నరకి ఎవరి గుమ్మం ముందో ఠక్కున పట్టేస్తుంది. ఆరింటికల్లా అదే మోకాలు మా సందులోని నూట పన్నెండు మెట్లనీ రెండేసి చొప్పున ఎక్కి వెళ్లిపోతుంది. హెల్త్ సెంటర్ నర్సు ఒకసారి దాన్ని నొక్కి, వంచి, చాపి చూసింది.

"దీనికేం రోగం లేదమ్మా. ఇంకో ఇద్దర్ని కూడా మోస్తుంది."

"ఇవాళ మంగళవారం కదమ్మా. గురువారం వచ్చి చూడు," అంది బు రుమియాతి.

ఆవిడకి యాభై నాలుగేళ్లు. జావాలోని సెమరాంగ్‌లో కొండవాలుకి అతుక్కుని ఉన్న మా సందులో ఉడికించిన సోయా గింజలు పులియబెట్టి టెంపే అచ్చులు చేసి బజారులో అమ్ముతుంది. భర్త లారీ డ్రైవరు, పదిహేను రోజులకోసారి కనిపిస్తాడు. ఇంట్లో మంచం దిగలేని అత్తగారు. ఇన్నిట్లో పరుగెత్తడానికి టైమెక్కడిదని అందరూ అడుగుతారు. "టైము దొరకదు తమ్ముడూ. పని కింద దాక్కుని ఉంటుంది, పట్టుకుని లాగాలి," అంటుంది నాతో.

ఆ లాగడం నేను కళ్లారా చూశాను. నాలుగింటికి లేచి, కాళ్లు శుభ్రంగా కడుక్కుని, ఉడికిన సోయా గింజలని తొట్టిలో నలభై నిమిషాలు తొక్కుతుంది. పొట్టు ఊడేది గింజలకి, బలం వచ్చేది పిక్కలకి. తరవాత తొమ్మిది కిలోమీటర్ల పరుగు. వచ్చి స్నానం చేసి, టెంపే బుట్ట వీపుకెత్తుకుని బజారుకి పోతుంది. అక్కడ బేరం లేనప్పుడు మునివేళ్ల మీద లేస్తూ దిగుతూ ఉంటుంది. ఆదివారం ఇరవై ఆరు కిలోమీటర్ల అవతల ఉన్న చెల్లెల్ని చూడ్డానికి పరుగెత్తుకుంటూ వెళ్లి, బస్సులో తిరిగొస్తుంది. అంత దూరం నేను బస్సులో వెళ్లొచ్చినా రెండు రోజులు పడుకుంటాను.

అత్తగారికి గంజి తాగించేటప్పుడు కుర్చీ వేసుకోదు. గోడకి వీపు ఆనించి, తొడలు నేలకి సమంగా పెట్టి, గాలిలో కూర్చుంటుంది. గిన్నె ఖాళీ అయ్యేదాకా లేవదు.

"ఇంట్లో నాలుగు కుర్చీలుండగా గోడకి బల్లిలా అతుక్కుంటావేమే!" అని అరుస్తుంది ముసలావిడ.

"బలం కోసం అత్తయ్యా."

"ఎవరితో కొట్లాటకీ?"

మా మేనకోడలి పెళ్లికి వంట సాయానికి వచ్చిన ఆడవాళ్లంతా చాప మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతుంటే, ఈవిడ కొంగలా ఒంటికాలి మీద నిలబడి నాలుగు కిలోలు తరిగింది. కిలోకోసారి కాలు మార్చింది. పెళ్లికొడుకు తరపువాళ్లు అదేదో మొక్కు అనుకుని చాలా భక్తిగా చూశారు.

నా పేరు సుగెంగ్. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే టైలర్ని. తొంభై మూడు కిలోలు. ఒకసారి ఆవిడ నా కొట్టుకొచ్చి, "నీకేం తమ్ముడూ, రోజంతా మిషన్ తొక్కుతావు, అదీ వ్యాయామమే," అంది.

"నాది కరెంటు మిషనక్కా."

"అదే నీ జబ్బు," అని పరుగెత్తుకుంటూ వెళ్లిపోయింది.

ఇక గురువారం సంగతి. మా సందులో ప్రతి ఇంటి గోడకీ ఒక చిన్న రేకు డబ్బా వేలాడుతుంది. పొద్దుగూకేటప్పుడు ఇంటివాళ్లు అందులో గుప్పెడు బియ్యం వేస్తారు. ఆ గుప్పెళ్లన్నీ పోగుచేసి సందు పెద్ద హర్జోగారి వరండాలో ఉన్న పీపాలో పోస్తారు. ఆ బియ్యం కష్టంలో ఉన్నవాళ్లకి. కాకపోతే, కావలసినవాళ్లు నెలవారీ మీటింగులో అందరిముందూ లేచి నిలబడి అడగాలి. నేను బుద్ధెరిగాక అలా నిలబడినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. మా సందు ఎంత సుఖంగా ఉందోనని గర్వపడేవాణ్ణి కూడా.

బియ్యం పోగుచేసే పని బు రుమియాతి తన పరుగులో కలిపేసుకుంది. మామూలు రోజుల్లో పెరిగే బరువట: ఖాళీ సంచీతో బయల్దేరి నిండు సంచీతో వస్తుంది. గురువారం తరిగే బరువట: పీపాలోంచి మూడు సంచుల్లో పన్నెండు కిలోలు కొలిచి, వీపుకెత్తుకుని బయల్దేరి, ఖాళీగా వస్తుంది. బియ్యం ఏదమ్మా అంటే మోకాలు. నొప్పెట్టింది, మొయ్యలేక ఎవరింట్లోనో పెట్టింది, ఎవరింట్లోనో మర్చిపోయింది.

హర్జోగారు మీటింగులో ఒకసారి గట్టిగానే అడిగారు. "బరువే కావాలంటే రాళ్లు మొయ్యరాదా అమ్మా?"

"రాయి వీపులో గుచ్చుకుంటుందండీ. బియ్యమైతే వీపుకి తగ్గట్టు సర్దుకుంటుంది."

"మోసింది తిరిగి తేవాలి కదా?"

"నా మతిమరుపు మీకు తెలియందేముందండీ?"

హర్జోగారు ఆవిడకేసి చాలాసేపు చూసి, కళ్లజోడు తుడుచుకుని, ఈ ఏడాది కూడా బియ్యం పని ఆవిడదేనని ప్రకటించారు. అంత పొద్దున్నే లేచేవాళ్లు మాలో ఇంకెవరూ లేరు మరి.

ఆ మోకాలు ఒకసారి మా గుమ్మం ముందు కూడా పట్టేసింది. మూడేళ్ల కిందట ఆ మెట్ల మీదే జారి నేను మణికట్టు విరగ్గొట్టుకుని, నాలుగు నెలలు మిషన్ మీద దుప్పటి కప్పి కూర్చున్నప్పటి మాట. "అమ్మో, చచ్చానురా తమ్ముడూ, ఈ సంచీ కాస్త లోపల పెట్టుకో, రేపు పట్టుకెళ్తా," అంది. రేపు రాలేదు. పై గురువారం వచ్చింది, ఇంకో సంచీ పెట్టింది, అదీ మర్చిపోయింది. పురుగు పడుతుందని మేమే వండుకు తినేశాం. ఈ కథ నా కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పి, ఆవిడ కుంటడం కూడా చేసి చూపించి నవ్వించేవాణ్ణి.

ఈ ఏడాది ఆవిడ మారథాన్‌కి పేరిచ్చింది. నలభై రెండు కిలోమీటర్లు, ఏడు గంటల్లో ముగించాలి. దానికోసం రెండేళ్లు పడ్డ పాటు నాకు తెలుసు. పందెం ఆదివారం, పక్క జిల్లాలో. పందెం నంబర్లు గురువారమే ఇస్తారట, అందుకని బస్సు ఆ రోజు తెల్లవారుజామునే. బుధవారం మధ్యాహ్నం కొట్టుకొచ్చి, నా స్టూలు పక్కనే గాలిలో కూర్చుంది.

"రేపు నా బదులు బియ్యం నువ్వు మొయ్యాలి తమ్ముడూ."

"నేనా? ఒక్క గురువారం మానేస్తే కొంప మునుగుతుందా అక్కా?"

ఆవిడ నవ్వలేదు. "మునుగుతుంది. నువ్వు వెళ్లనంటే చెప్పు, నేను పందెం మానుకుంటా."

నేను కత్తెర కింద పెట్టేశాను. రెండేళ్లు సోయా గింజలు తొక్కి, మెట్లు ఎక్కి దిగిన మనిషి ఒక బియ్యం మూట కోసం మానుకుంటానంటోంది. ముఖం చూస్తే బెదిరింపులా లేదు.

"సందులో ఇంతమంది కుర్రాళ్లుండగా నేనే ఎందుకు?"

"వాళ్లకి మోకాలు నొప్పంటే ఎవరు నమ్ముతారు? నిన్ను చూస్తే ఎవరైనా నమ్ముతారు."

"నాకు మోకాలు నొప్పి లేదే!"

"వస్తుంది. మొదట నీలం గేటు ముందు వస్తుంది. తరవాత చింపిరి కొబ్బరిచెట్టు ఇంటి దగ్గర. ఆఖర్న మెట్ల పైనున్న ఆకుపచ్చ తలుపు. ప్రతిచోటా, మొయ్యలేను, ఒక సంచీ ఉంచండి, మళ్లీ పట్టుకెళ్తానను. మళ్లీ వెళ్లకు. లోపలికి తొంగిచూడకు. టీ తాగమంటే తాగకు, వాళ్లకి పంచదార దండగ. కుంటడం నీకు బాగానే వచ్చటగా?"

నేను ఆవిణ్ణి అనుకరించే సంగతి ఆవిడకి తెలుసు!

మర్నాడు పన్నెండు కిలోలు వీపుకెత్తుకుని బయల్దేరాను. పది గజాలు పరుగెత్తాను, తరవాత నడిచాను, తరవాత గోడలు పట్టుకున్నాను. పొద్దుటి గాలి బాగా వీస్తోంది. దారి పొడుగునా రేకు డబ్బాలు గుప్పెడు బియ్యం బరువుకి కదలకుండా ఉన్నాయి. నీలం గేటు దగ్గరి డబ్బా ఒక్కటే అటూ ఇటూ ఊగుతూ, గోడకి టక్ టక్‌మని కొట్టుకుంటోంది.

నేను దానికేసే చూస్తూ నిలబడ్డాను. గేటు తీసి గిమిన్ బయటికొచ్చాడు. చెక్క మీద పువ్వులు చెక్కే పనివాడు. అతను పనిచేసే కార్ఖానా మూతపడి రెండు నెలలైందని తెలుసు. మీటింగులో ఎప్పటిలాగే చేతులు కట్టుకుని కూర్చున్నాడు కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నాను.

"అన్నా, కాస్త..." అన్నాను. నటించాల్సిన అవసరం రాలేదు. మోకాలు నిజంగానే వణుకుతోంది. "మొయ్యలేకపోతున్నా. ఒక సంచీ ఇక్కడుంచనా? మళ్లీ పట్టుకెళ్తా."

గిమిన్ నన్ను చూశాడు, సంచీ చూశాడు. మెల్లిగా అందుకున్నాడు.

"నీకూనా మోకాలు? ఈ జబ్బు అంటుకుంటుందేమిటయ్యా?"

"అంటుకునేట్టే ఉందన్నా."

"జాగ్రత్త మరి. టీ తాగుతావా?"

"వద్దన్నా, డాక్టరు మానేయమన్నాడు."

కొబ్బరిచెట్టు ఇంటి డబ్బా కూడా ఊగుతోంది. ఆకుపచ్చ తలుపు దగ్గరిదీ ఊగుతోంది. ఖాళీ వీపుతో ఆ నూట పన్నెండు మెట్లూ దిగివచ్చేసరికి, ఇన్నేళ్లుగా గుడ్డలే కాదు, మనుషుల్నీ కొలవగలననుకున్న నేను ఎంత మొద్దునో నాకు అర్థమైపోయింది.

ఇంట్లో మా ఆవిడ లస్మి కాఫీ కలుపుతోంది. "ఆ మోకాలి కథ అబద్ధమే లస్మీ," అన్నాను. "డబ్బా ఊగే ఇళ్ల ముందే అది నొప్పెడుతుంది."

లస్మి చెంచా తిప్పడం ఆపలేదు. "నీ చెయ్యి విరిగినప్పుడు మన డబ్బా కూడా ఊగింది. ఆ టక్ టక్‌కి నాకు నిద్ర పట్టేది కాదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఆ కథ చెప్పి అంత హాయిగా నవ్వుతుంటే ఎలా చెప్పను? ఒకసారి ఆవిడతోనే అన్నాను, మా ఆయన మిమ్మల్ని వెక్కిరిస్తున్నాడని. 'నవ్వనీవే, నవ్వేవాడికి అనుమానం రాదు,' అంది."

నేను కాఫీ తాగలేకపోయాను. కాసేపటికి తాగాను.

ఆదివారం మధ్యాహ్నం ఫోనొచ్చింది. వెనక బాజాలు, జనం కేకలు.

"తమ్ముడూ! అయిదు గంటల నలభై ఎనిమిది నిమిషాలు!"

సందంతా వినబడేట్టు అరిచాను. హర్జోగారు వరండాలోంచి చప్పట్లు కొట్టారు. యాభై నాలుగేళ్ల మనిషి, అదీ అత్తగారి గంజి గిన్నెతో సాధన చేసిన మనిషి!

"మోకాలెలా ఉందక్కా?"

"ఇవాళ ఆదివారం కదరా. నీదెలా ఉంది?"

"మూడుచోట్ల పట్టేసిందక్కా."

"మంచి మోకాలు," అంది ఆవిడ.

బుధవారం పొద్దున్న పన్నెండు కిలోల బియ్యం నేనే కొని, మూటకట్టి ఆవిడ గుమ్మంలో దింపాను. ఆవిడ తొట్టిలో గింజలు తొక్కుతోంది.

"ఏమిటిది?"

"మూడేళ్ల కిందట మీరు మా ఇంట్లో మర్చిపోయిన బియ్యం, అక్కా."

"నేనా? మీ ఇంట్లోనా?" అంటూ ఆవిడ తొక్కడం ఆపకుండానే నుదురు రుద్దుకుంది. ఎంతో కష్టపడి గుర్తుచేసుకుంటున్నట్టు మొహం పెట్టి, తల అడ్డంగా ఊపింది. "ఊహూ, నాకేం గుర్తులేదు. ఎవరి బియ్యమో ఏమో. అయినా వీపు మీంచి దింపేశావెందుకు? రేపు గురువారం, అయిదున్నరకి ఇక్కడుండు. ఇద్దరం చెరిసగం కుంటుదాం."